చెప్పకుండా వేసే వెలి: నగర బహిరంగ స్థలంలో విముఖ నిర్మాణం – ఒక సమీక్ష

నగరంలో అందరివీ అనుకునే వీధులు, ఫుట్‌పాత్‌లు, పార్కులు, బస్టాపులు, ఫ్లైఓవర్ల కింది జాగాలు కొందరికి మాత్రమే అనువుగా ఉండేలా, మరికొందరు అక్కడ కాసేపైనా నిలవలేకపోయేలా కట్టేటప్పుడే చేసే ఏర్పాట్లను నగర రూపకల్పన పరిభాషలో ‘హోస్టైల్ ఆర్కిటెక్చర్’ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ‘శత్రు నిర్మాణం’ అంటే కోటగోడలూ కందకాలూ గుర్తుకొస్తాయి కనుక, వచ్చినవారిని చూసి ముఖం తిప్పుకునే కట్టడం అనే అర్థంలో ఈ వ్యాసంలో ‘విముఖ నిర్మాణం’ అనే పేరు వాడటమైనది. దీన్ని సమర్థించేవారు ఇదే పనిని ‘రక్షణాత్మక రూపకల్పన’ అంటారు. ఎవరి నుంచి ఎవరికి రక్షణ అన్న ప్రశ్న ఆ పేరులోనే దాగి ఉంది కాబట్టి, ఈ విషయంలో తగాదా పేరు దగ్గరే మొదలవుతుంది.

పూర్వం ఊళ్లో ఒకరిని వెలివేయాలంటే ఆ మాటను రచ్చబండ దగ్గర నలుగురి ఎదుట ఎవరో ఒకరు పలకవలసి వచ్చేది. అది ఎంత క్రూరమైన ఆచారమైనా, అందులో పలికినవారు ఉండేవారు, చెప్పిన కారణం ఉండేది, విన్న సాక్షులుండేవారు. తరువాతి కాలంలో సంస్కర్తలూ చట్టాలూ ఆ ఆచారాన్ని నిలదీయగలిగాయంటే, నిలదీయడానికి ఒక నోరు కనిపించడం వల్లనే. బల్ల మధ్యలో బిగించిన ఇనుప కడ్డీ కూడా వెలివేసే పనే చేస్తుంది గాని, మాట లేకుండా చేస్తుంది. విముఖ నిర్మాణం మీద అరవై ఏళ్లుగా సాగిన చర్చను సమీక్షిస్తే తేలేది ఇదే: అది కలిగించే అసౌకర్యం కన్నా, బహిరంగంగా చర్చించి తీసుకోవలసిన నిర్ణయాన్ని కాంట్రాక్టరు డ్రాయింగులోకి జార్చివేసి, దానికి జవాబుదారీ లేకుండా చేయడం ఎక్కువ ప్రమాదకరం.

ఉపాయాలు, వాటి పనితీరు

ఈ ఉపాయాలను స్థూలంగా నాలుగు తరగతులుగా విభజించవచ్చు. మొదటివి శరీర భంగిమను అడ్డుకునేవి: పడుకోనివ్వకుండా బల్లను ముక్కలు చేసే చేతికడ్డీలు, కూర్చున్నవారు జారిపోయేలా ముందుకు వాల్చిన సీట్లు, గట్ల మీద గుచ్చిన మేకులు, కూర్చోవడానికి వీల్లేక ఆనుకోవడానికి మాత్రమే పనికొచ్చే అడ్డకమ్మీలు. వీటన్నిటినీ ఒకే వస్తువులో కూర్చిన నమూనాగా లండన్‌లోని కామ్డెన్ బరో కౌన్సిల్ కోసం తయారై 2012లో వీధికెక్కిన ‘కామ్డెన్ బెంచ్’ను పేర్కొంటారు. చూడడానికి అది చెక్కిన కాంక్రీటు దిమ్మె. పైభాగం ఒక్కోచోట ఒక్కో దిక్కుకు వాలి ఉండటంతో దాని మీద నడుం వాల్చడం సాధ్యం కాదు. అంచుల ఎత్తు మారుతూ ఉండటంతో స్కేట్‌బోర్డు సాగదు. మత్తుపదార్థాల పొట్లాలు దాచడానికి సందులూ పగుళ్లూ లేవు. రాతలు అంటకుండా పూత పూశారు. కూర్చున్నవారి సంచీ దొంగల కంటపడకుండా కాళ్ల వెనక లోతైన గాడి పెట్టారు. ఇన్ని పనులు చేయకుండా ఆపగలిగిన ఆ బల్ల మీద హాయిగా చేయగలిగిన పని మాత్రం ఒక్కటీ లేదు.

రెండవ తరగతి స్థలాన్నే ఆక్రమించేవి. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్లింటన్ పార్క్ అనే చిన్న వీధిలో కొందరు నివాసులు చందాలు వేసుకుని, నిరాశ్రయులు గుడారాలు వేయకుండా ఫుట్‌పాత్ పొడవునా 24 బండరాళ్లు పెట్టించారు. వాటిని వ్యతిరేకించినవారు రోడ్డు మీదికి దొర్లించడం, నగరపాలక సిబ్బంది తిరిగి యథాస్థానంలో పెట్టడం కొన్నిసార్లు జరిగాక, చివరికి అక్కడి నుంచి తొలగించవలసి వచ్చింది. ఫ్లైఓవర్ల కింద కంచె వేసి పెంచే మొక్కలు, వరసగా పేర్చే పెద్ద పూలకుండీలు ఇదే కోవలోకి వస్తాయి. పచ్చదనం మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు కాబట్టి అవి మేకుల కన్నా సులువుగా ఆమోదం పొందుతాయి.

మూడవవి ఇంద్రియాలను బాధించేవి. 2005లో బ్రిటన్‌లో వచ్చిన ‘మస్కిటో’ అనే పరికరం పెద్దవయసువారి చెవికి సాధారణంగా అందని హెచ్చు పౌనఃపున్యంలో కీచుమంటూ, దుకాణాల ముందు గుమికూడే కుర్రకారును మాత్రం తరిమేస్తుంది. నాలుగవ తరగతిలో పెట్టవలసిన వస్తువేమీ ఉండదు, ఉన్నదాన్ని తీసివేయడమే అక్కడి ఉపాయం. బల్లలు ఎత్తివేయడం, కుళాయి కట్టివేయడం, మరుగుదొడ్డికి తాళం వేయడం వంటివి ఫొటోలో కనబడవు కనుక వీటి మీద నిరసన కూడా అరుదు. న్యూయార్క్‌లో 2021 జనవరి 1న ప్రారంభమైన మొయినిహన్ రైలు హాలు పాలరాతి నేలతో, గాజు పైకప్పుతో ఎన్నో ప్రశంసలు అందుకుంది గాని, టికెట్టు చూపించి వెళ్లే వేచివుండే గదుల బయట కూర్చోవడానికి చోటు లేకపోవడంతో ప్రయాణికులు నేల మీద చతికిలబడ్డారు. నిరాశ్రయులను దృష్టిలో పెట్టుకుని తీసేసిన బల్ల గర్భిణికీ వృద్ధుడికీ కూడా దక్కదని అక్కడ తేటతెల్లమైంది.

ఈ వస్తువులు నేరుగా ఎవరినీ చంపకపోవచ్చు గాని, మనిషిని ఎక్కడ, ఏ స్థితిలో వదిలిపెడతాయో టోక్యోలో జరిగిన ఒక ఘటన చూపింది. 2020 నవంబరులో షిబుయా వార్డులోని ఒక బస్టాపులో, పని పోయి ఇల్లు కోల్పోయిన అరవైల వయసు మహిళ తెల్లవారుజామున హత్యకు గురైంది. ఆమె రాత్రులు గడిపిన ఆ సీటు వెడల్పు చాలా తక్కువ, మధ్యలో అడ్డుగా ఒక కమ్మీ. కాబట్టి ఆమె పడుకోలేదు, కూర్చునే కునుకు తీసేది. ఇలాంటి సీట్లనూ, స్టేషన్ల దగ్గర కళాఖండాల పేరుతో నిలిపే గుండ్రటి దిమ్మెలనూ కలిపి జపానులో ‘బహిష్కరణ కళ’ అని పిలుస్తారు. ఆ ఘటన తరువాత అక్కడ ఆ చర్చ తీవ్రమైంది.

సిద్ధాంత నేపథ్యం

ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచన నేరనిరోధం నుంచి వచ్చింది. జేన్ జేకబ్స్ 1961లో వెలువరించిన ‘ద డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’ గ్రంథంలో, వీధిని సురక్షితంగా ఉంచేది అక్కడ నిత్యం తిరిగే మనుషుల చూపేనని, కిటికీలూ దుకాణాలూ వీధి వైపు తెరుచుకోవాలని వాదించారు. నేరశాస్త్రవేత్త సి. రే జెఫరీ 1971లో ‘పరిసరాల రూపకల్పన ద్వారా నేరనిరోధం’ అన్న భావనకు పేరు పెట్టగా, వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ 1972లో ‘డిఫెన్సిబుల్ స్పేస్’ అన్న పుస్తకంలో, నివాసులు తమదిగా భావించి కాపాడుకునేలా స్థలానికి హద్దులు ఏర్పరచాలని సూచించారు. జేకబ్స్ దృష్టిలో భద్రత జనం పెరిగితే వచ్చేది. న్యూమన్ తరువాతి ఆచరణలో అది పరాయివారు తగ్గితే వచ్చేదిగా మారింది, విముఖ నిర్మాణం ఈ మలుపు దగ్గరే పుట్టింది.

దీనికి గట్టి జవాబు న్యూయార్క్ వీధులను ఏళ్ల తరబడి కెమెరాతో గమనించిన విలియం హెచ్. వైట్ నుంచి వచ్చింది. 1980లో వచ్చిన ‘ద సోషల్ లైఫ్ ఆఫ్ స్మాల్ అర్బన్ స్పేసెస్’లో ఆయన, గట్ల మీద మేకులు గుచ్చిన ఆవరణలు అవాంఛనీయులుగా భావించేవారితో పాటు అందరినీ పోగొట్టుకుంటాయని, కూర్చునే చోటు పుష్కలంగా ఉంటే జనం నిండి స్థలం తనను తానే కాపాడుకుంటుందని చూపారు. ఆ పరిశీలనల ప్రభావంతో 1975లో న్యూయార్క్ నిబంధనలు మారి, భవనాల ముందరి ఆవరణల్లో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవైన ఆసనం ఉండాలన్న కొలత వచ్చింది. మరోవైపు మైక్ డేవిస్ 1990లో ‘సిటీ ఆఫ్ క్వార్ట్జ్’ గ్రంథంలో లాస్ ఏంజెలిస్‌లోని పీపా ఆకారపు బస్టాపు బల్లలనూ, నిద్రపోయేవారి మీద రాత్రివేళ నీళ్లు చిమ్మే పార్కు స్ప్రింక్లర్లనూ ఉదాహరించి, నగరం పేదల మీద కోట కడుతున్నదని ఆరోపించారు.

కట్టడానికి రాజకీయ ఉద్దేశాన్ని ఆపాదించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరమని కూడా ఈ సాహిత్యం నేర్పుతుంది. రాబర్ట్ మోజెస్ లాంగ్ ఐలండ్ రహదారుల మీద వంతెనలను తక్కువ ఎత్తులో కట్టించడం బస్సుల్లో వచ్చే పేదలనూ నల్లజాతివారినీ బీచ్‌లకు రానివ్వకపోవడానికేనని రాబర్ట్ కారో 1974లో రాశారు. లాంగ్డన్ విన్నర్ 1980లో దాన్ని తీసుకుని, వస్తువులకూ రాజకీయం ఉంటుందన్న తన ప్రసిద్ధ వాదానికి ఉదాహరణ చేశారు. అయితే బెర్న్‌వార్డ్ యోర్గెస్ 1999లో, ఆ రహదారుల మీద బస్సులకు వేరే నిబంధనల ప్రకారం ఎలాగూ అనుమతి లేదని గుర్తుచేసి ఆ కథ మీద సందేహాలు లేవనెత్తారు. మన బస్టాపుల్లోని సీట్లకూ ఇది వర్తిస్తుంది. రెండు మూడు స్టీలు గొట్టాలు పక్కపక్కన బిగించి కాస్త వాల్చిన ఆ సీటు మే నెల మధ్యాహ్నం తాకితే చురుక్కుమంటుంది, దాని మీద పడుకోవడం కుదరదు. అది పడుకోనివ్వకూడదని చేసినదా, చౌకగా ఉండి కడగడానికి వీలవుతుందని చేసినదా అన్నది సీటును చూసి తేల్చలేం. ఉద్దేశాన్ని కాగితం మీద ఎవరూ రాయకపోవడమే ఇక్కడి చిక్కు.

సమర్థకుల వాదన

సమర్థకులను కేవలం కఠినహృదయులుగా చిత్రించడం న్యాయం కాదు. తెల్లవారి దుకాణం తెరిచేసరికి గుమ్మంలో మలమూత్రాలు కడుక్కోవలసిన వ్యాపారి, చీకటిపడితే మత్తులో ఉన్న గుంపును దాటి వెళ్లవలసిన అమ్మాయి, పగిలిన గట్లకు ఏటా మరమ్మతు చేయించే మున్సిపాలిటీ చెప్పేవి నిజమైన ఇబ్బందులే. అందుకే పరిశీలించవలసింది వస్తువు ఆ ఇబ్బందిని తీర్చిందా, పక్కవీధికి నెట్టిందా అన్నది.

పంతొమ్మిదవ శతాబ్దపు లండన్ దీనికి మంచి సాక్ష్యం. గోడమూలల్లో మూత్రం పోసేవారి మీదికే అది తిరిగి చిందేలా బిగించిన ఏటవాలు రాళ్లూ లోహపు పలకలూ అక్కడ ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి. ఆ పలకలు ఒక్కో మూలను కాపాడి ఉండవచ్చు; నగరానికి దారి చూపింది మాత్రం 1851 నాటి గ్రేట్ ఎగ్జిబిషన్‌లో జార్జ్ జెన్నింగ్స్ ఏర్పాటు చేసిన మరుగుదొడ్లు. ఒక్కొక్కరూ ఒక పెన్నీ చెల్లించి 8 లక్షల మందికి పైగా వాటిని వాడుకోవడంతో, జనానికి కావలసింది ఏమిటో లెక్కతో సహా తేలింది. మన ఊళ్లలో గోడలకు అంటించే దేవుళ్ల బొమ్మల టైల్స్ ఆ లండన్ పలకలకు చుట్టాలే. వేంకటేశ్వరుడు, మక్కా, శిలువ ఒకే వరసలో ఉన్న ఆ గోడ దగ్గర భక్తి పనిచేసి మనిషి ఆగుతాడు, నాలుగడుగులు వేసి బొమ్మ లేని గోడ చూసుకుంటాడు. చుట్టుపక్కల మరుగుదొడ్డి ఎక్కడుందన్న ప్రశ్నకు ఆ టైల్ దగ్గర జవాబు లేదు.

భారత నగరం: పాత వెలి, కొత్త వెలి

భారతదేశంలో ఈ చర్చను ఇనుప మేకులతో మొదలుపెడితే సగం చరిత్రే కనబడుతుంది. ఇక్కడ బహిరంగ స్థలం నుంచి మనుషులను తప్పించడానికి కట్టడం అవసరం లేకుండానే కులం ఆ పని చేసింది. కేరళలోని వైకోంలో 1924–25లో జరిగిన సత్యాగ్రహం గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసమే. 1927లో మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ వేలమందితో వెళ్లి నీళ్లు తాగిన చవదార్ చెరువు, అంతకు మునుపే మున్సిపాలిటీ తీర్మానం ద్వారా కాగితం మీద అందరికీ తెరిచినదే. తెలుగునాట పాత ఇళ్లకు వీధి వైపు కట్టిన అరుగు సొంత ఖర్చుతో బాటసారికి వదిలిన ఆసనంగా గొప్పదే గాని, దాని మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు వీధిలో దూరంగా చేతులు కట్టుకు నిలబడాలో కులమే తేల్చేది. ఈ చరిత్ర తెలిసినందువల్లనే రాజ్యాంగ నిర్మాతలు 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్లతో పాటు బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు గుమికూడే స్థలాలను పేరుపేరునా చెప్పి, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోరాదని రాశారు.

ఆ జాబితాలో లేనిది పేదరికం. కొత్త వెలి ఆ ఖాళీలోంచే నడుస్తున్నది. 2018లో ముంబయి ఫోర్ట్ ప్రాంతంలో ఒక బ్యాంకు శాఖ ముందు గట్టు మీద గుచ్చిన మేకులను నిరసన వెల్లువెత్తాక తొలగించడం వార్తలకెక్కింది గాని, మన నగరాల్లో అంతకన్నా బలంగా పనిచేసేవి కంచె, గేటు, టికెట్టు, వేళలు. ఉదయం, సాయంత్రం నడకకు తెరిచి మధ్యాహ్నం మూసే పార్కు, ఎండలో పనిచేసే మనిషికి నీడ కావలసిన వేళకే మూతపడుతుంది. ఢిల్లీలో 1995 జనవరిలో అశోక్‌ విహార్ కాలనీ పార్కులోకి బహిర్భూమికి వచ్చిన మురికివాడ యువకుణ్ని కొట్టి చంపారు. ఆ తరువాతి ఆందోళన మీద జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. ఒకరికి అందమైన పచ్చిక, మరొకరికి మరోచోటు లేని అవసరం అయిన ఆ స్థలాన్ని ఉదాహరించి, పరిశుభ్రత, పర్యావరణం పేరుతో మధ్యతరగతి సాగించే ఈ తొలగింపును అమితా బవిస్కర్ ‘బూర్జువా పర్యావరణవాదం’గా వర్ణించారు.

పెద్ద అతిథులు వచ్చినప్పుడు ఇది మరింత తేటపడుతుంది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో రెండు నెలల పాటు భిక్షాటనను నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వెలువడింది. పట్టుకున్నవారిని చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. 2020లో అమెరికా అధ్యక్షుడి పర్యటన ముందు అహ్మదాబాద్‌లో విమానాశ్రయం దారిలోని మురికివాడకు అడ్డంగా గోడ లేచింది. మొదటిదానిలో మనుషులను కదిలించారు, రెండవదానిలో చూపును ఆపారు.

మన నగరాల్లో ఆరుబయట పడుకునేవారంతా ఇల్లు లేనివారు కారన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2011 జనాభా లెక్కలు దేశంలో 17.7 లక్షల మందిని నిరాశ్రయులుగా నమోదు చేశాయి, వారిలో 9.4 లక్షల మంది పట్టణాలవారు. ఈ లెక్కకు అందనివారిలో పెద్దాసుపత్రుల ముందు చాప పరుచుకుని, టిఫిన్ క్యారియరు తలాపున పెట్టుకుని రాత్రులు గడిపే రోగుల బంధువులున్నారు. తెల్లవారుజామున అడ్డా మీద మేస్త్రీ కోసం పార, తాపీలతో నిలబడే కూలీలున్నారు. వారిలో ఎవరూ ఫుట్‌పాత్‌ను ఆక్రమించడానికి వచ్చినవారు కారు, నగరమే వారిని పిలిచింది.

స్త్రీలకూ వికలాంగులకూ వెలి మరో రూపంలో వస్తుంది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో వెలువరించిన ‘వై లాయిటర్?’ అన్న పుస్తకంలో, ముంబయిలో స్త్రీ వీధిలో ఉండాలంటే చేతిలో సంచీయో చెవి దగ్గర ఫోనో పట్టుకుని ఏదో పని ఉన్నట్టు కనిపించవలసి వస్తున్నదని, ఊరికే ఉండటం కూడా హక్కేనని వాదించారు. వికలాంగుల విషయంలో అడ్డు చాలాసార్లు తలపెట్టని చోట వస్తుంది. ఫుట్‌పాత్ మీదికి బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప గుంజల మధ్య బైకు హ్యాండిల్ ఆగుతుంది, దానితోపాటు వీల్‌చెయిర్ చక్రమూ ఆగుతుంది.

చట్టం చెప్పినది, చెప్పనిది

ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు, జీవనోపాధి హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఫుట్‌పాత్‌వాసులను నోటీసు ఇచ్చి ఖాళీ చేయించడాన్ని మాత్రం తప్పుపట్టలేదు. ఆ తీర్పులో అందరూ మొదటి సగాన్ని ఉదహరిస్తారు, అధికారులు రెండవ సగాన్ని అమలుచేస్తారు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ఒక అడుగు ముందుకు వేసి, నగర జనాభాలో 2.5 శాతం వరకూ విక్రేతలకు చోటు చూపాలని, పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం మంది విక్రేతలే ఉండాలని నిర్దేశించింది. 2018లో ఢిల్లీ హైకోర్టు హర్ష్ మందర్ కేసులో భిక్షాటనను నేరంగా చూసే నిబంధనలను కొట్టివేసింది. వికలాంగుల ప్రవేశ సౌకర్యాల మీద రాజీవ్ రటూరీ కేసులో హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకుని, కనీస ప్రమాణాలు తప్పనిసరిగా ఉండాలే తప్ప సిఫారసులుగా మిగలకూడదని సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. అదే సంవత్సరం అమెరికా సుప్రీంకోర్టు గ్రాంట్స్ పాస్ కేసులో, ఆరుబయట మకాం వేసేవారిని శిక్షించడం రాజ్యాంగ విరుద్ధం కాదని 6–3 మెజారిటీతో చెప్పి వ్యతిరేక దిశలో నడిచింది.

ఈ తీర్పులన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. ప్రతిదానిలో ఒక నోటీసు, ఒక ఉత్తర్వు, ఒక చట్టం ఉన్నాయి కాబట్టే కోర్టు వాటిని పరిశీలించగలిగింది. హైదరాబాద్‌లో 2017లో మూసిన ఇందిరా పార్కు ధర్నా చౌక్ 2018లో హైకోర్టు జోక్యంతో మళ్లీ నిరసనలకు తెరుచుకోవడమూ అలాగే సాధ్యమైంది. చేతికడ్డీ మీద, పూలకుండీ మీద, ఎత్తివేసిన బల్ల మీద కోర్టుకు వెళ్లడానికి సవాలు చేయదగిన కాగితం చేతికి రాదు. లండన్‌లో 2014లో ఒక ఖరీదైన ఫ్లాట్ల సముదాయం గుమ్మం పక్కన గుచ్చిన మేకుల మీద గగ్గోలు పుట్టి, నగర మేయరే వాటిని తప్పుపట్టాక అవి పోయాయి. వాటిని తీయించింది ఫొటో, చట్టం కాదు. ఫొటోకు లొంగని ఉపాయాలు అలాగే నిలిచి ఉన్నాయి.

ప్రత్యామ్నాయాల దిశగా

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కును వైట్ సూచనల వెలుగులో పునర్నిర్మించి 1992లో తెరిచినప్పుడు, ఎవరికి నచ్చిన చోటికి వారు జరుపుకోగల కుర్చీలు వేశారు. ఆ పార్కును నడిపేది ప్రైవేటు సంస్థ కావడం మీద షారన్ జూకిన్ వంటివారి విమర్శ ఉన్నా, కుర్చీని నేలకు బిగించకపోవడం జనం మీద ఉంచిన నమ్మకానికి గుర్తుగా నిలిచింది. మన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం వందమందికి సరిపడే, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే శాశ్వత ఆశ్రయం ఉండాలని లెక్క చెప్పింది. ఆ లెక్క ఏ నగరంలో ఎంతవరకు తీరిందో అడగకుండా అక్కడి ఫ్లైఓవర్ల కింద కంచె వేయడం, మందు ఇవ్వకుండా రోగిని గది మార్చడం వంటిది. విశాఖ రామకృష్ణ బీచ్‌లో గేటూ టికెట్టూ లేకుండానే సాయంత్రాలు వేలమంది కూర్చుంటున్నారు, ముంత మసాలా బండ్లు నడుస్తున్నాయి; జనమున్న చోటు జనమే కాపలా అన్న జేకబ్స్ మాటకు ఆ ఇసుక చాలినంత రుజువు.

వీటికి తోడు కావలసిన పద్ధతి చిన్నదే. మున్సిపాలిటీ వేసే ప్రతి బల్లకూ, కంచెకూ, గేటుకూ సంబంధించిన ఫైలులో మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఇది ఎవరిని ఆపుతుంది, ఎందుకు, ఆగినవారు వెళ్లగల చోటు ఎంత దూరంలో ఉంది. విక్రయ కమిటీలో విక్రేతలున్నట్టే, ఈ జవాబులను చదివే వార్డు కమిటీలో అడ్డా కూలీలు, వికలాంగులు, ఆసుపత్రి ముందు రాత్రులు గడిపిన కుటుంబాల వారు కూర్చోవాలి. మూడవ ప్రశ్నకు జవాబు రాయలేని ఇంజినీరు కంచె అంచనాతో పాటు మరుగుదొడ్డికో ఆశ్రయానికో కూడా అంచనా వేయవలసి వస్తుంది, లేదా కంచె ఎందుకు తప్పదో తన పేరు మీద రాసి సంతకం చేయవలసి వస్తుంది. అప్పుడు వెలికి మళ్లీ ఒక నోరు వస్తుంది, వైకోం నుంచి ధర్నా చౌక్ దాకా జరిగినట్టు దాన్ని నిలదీయడానికి వీలూ దొరుకుతుంది.